కైఫియత్తు గడి

మొన్న సంక్రాంతికి కోదాడలో మా అక్క వాళ్లింటికి వెళ్లాను. వెళ్లేసరికి అక్క వంటింట్లో తడిబట్ట పరిచి సకినాలు చుడుతోంది. నేనూ కొంగు బిగించి కూర్చున్నాను. ఎదురుగా గోడకి జేరబడి మా అక్క కూతురు, హైదరాబాదులో సాఫ్ట్‌వేరు వుద్యోగం చేస్తున్న పిల్ల, ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని కళ్లు చిట్లించి చూస్తోంది. చేటలో బియ్యం పోసుకుని రాళ్లేరే ఆడవాళ్ల చూపు వుంటుందే, అచ్చం అదే చూపు.

"పండగపూట గూడ ఏం పనమ్మా అది?" అన్నారు మా బావగారు, పేపరు పక్కన పెట్టి.

"కామెంట్లు సర్దుతున్న డాడీ."

బావగారి మొహం మీరు చూసి వుండాల్సింది. "లక్షలు పోసి నాలుగేండ్లు ఇంజినీరింగు చదివిస్తె, కామెంట్లు సర్దుతున్నవా!"

నాకు నవ్వాగలేదు. మా కాలేజీ రోజుల్లో సూర్యాపేట బస్టాండు ముందు 'కామెంట్లు' అనే మాటకి ఒకటే అర్థం. వాటిని సర్దాలంటే కాలిచెప్పు చేతిలోకి తీసుకోవడం తప్ప వేరే విద్యేదీ మాకు తెలియదు. ఆ మాటే అన్నాను. పిల్ల పకపకా నవ్వి, "అది కాదు చిన్నమ్మా, యిటు రా, చూపిస్తా" అంది. బీయే చదివినదాన్ని, కథలు రాసుకునేదాన్ని, నాకేం అర్థమవుతుందిలెమ్మని పిండిచేతులతోనే వెళ్లి పక్కన కూర్చున్నాను. అలా కూర్చోబట్టే యిదంతా మీకు చెప్పాల్సొచ్చింది.

కంప్యూటరుకి మనం రాసే ఆజ్ఞల్లో రెండు రకాల వాక్యాలుంటాయిట. ఒకటి యంత్రం కోసం. అందులో చుక్క తేడా వచ్చినా అది మొరాయిస్తుంది. రెండోది మనుషుల కోసం. 'యీ కింది పని యెందుకు చేస్తున్నాం, యిందులో జాగ్రత్త పడవలసిందేమిటి' అని పక్కన రాసుకునే మాట. దానికే కామెంటు అని పేరు. యంత్రం దాన్ని చదవదు, దాటేసి పోతుంది. అబద్ధం రాసినా పట్టించుకోదు.

మా పిల్ల చేతిలో వున్నది జావా అనే భాష. రాగిజావ కాదు లెండి. 1995లో అమెరికాలో సన్ అనే కంపెనీ బయటపెట్టిన కంప్యూటరు భాష. 2006, 2007 సంవత్సరాల్లో దాని మూలమంతా లోకానికి తెరిచిపెట్టారు. అప్పట్నుంచీ తప్పు కనిపించినవాళ్లు దిద్ది పంపవచ్చు, పెద్దలు చూసి బాగుందనుకుంటే కలుపుకుంటారు. ఆ భాషలో ఫైళ్లు తెరవడం, రాయడం, చెరపడం చేసే భాగంలో కామెంట్లున్నాయే, వాటిని యిది తీరిక వేళల్లో దిద్దుతోందట. జీతం లేని పని అనగానే బావగారు లేచి వెళ్లిపోయారు.

"దిద్దకపోతే ఏం మునిగిపోతుందే?" అన్నాను.

"మీ ఇంట్ల డబ్బాల మీద పేర్లు వుండవా చిన్నమ్మా?"

ఉంటాయి. మీ ఇంట్లోనూ వుంటాయి. బోర్న్‌విటా అని రాసి వున్న డబ్బాలో మెంతులు, పెసరపప్పు అన్న చీటీ కింద ఎండుమిరపకాయలు. ఇంటావిడ వున్నన్నాళ్లూ ఏ గొడవా లేదు, ఆవిడ చేతికి తెలుసు. ఆవిడ నాలుగు రోజులు పుట్టింటికి వెళ్లినప్పుడు కదా మగమహారాజు టీలో ఉప్పు వేసుకునేది!

తర్వాత పిల్ల చూపించిన ఒక కామెంటు మాత్రం నన్ను ఆలోచనలో పడేసింది. ఫైల్లోకి ఏదైనా రాసి, 'ఇక లోపలున్నదంతా బయటికి తోసెయ్' అని చెప్పే ఆజ్ఞ ఒకటి వుంది. ఫ్లష్ అంటారు. దాని కామెంటులో ఒక హెచ్చరిక వుంది. ఆ తోసెయ్యడం కంప్యూటరుని నడిపే వ్యవస్థ చేతికి అందించడం వరకే. అక్కడినుంచి నిజంగా డిస్కు మీదికి ఎక్కిందని మాత్రం హామీ లేదు. కోదాడ పోస్టాఫీసులో డబ్బాలో వుత్తరం వేసినంత మాత్రాన మిర్యాలగూడలో తలుపు తట్టినట్టు కాదు కదా. ఆ వాక్యం చదవని కుర్రాడెవడో 'రాసేశాం' అనుకుని నిశ్చింతగా కూర్చుంటే, ఆ క్షణాన కరెంటు పోతే, రాసిందంతా గాలికి పోవచ్చు. యంత్రానికి ఆ వాక్యంతో పనిలేదు. అవసరమంతా మనకే.

ఆ మాట వినగానే మా నాయనమ్మ గుర్తొచ్చింది. ఎందుకో చెబుతాను.

పల్లెలో నాలుగెకరాలున్న ఇంట పుట్టినవాళ్లకి పహాణీ అంటే తెలిసే వుంటుంది. ఏ సర్వే నంబరు, యెంత విస్తీర్ణం, తరియా ఖుష్కియా అంటే మాగాణా మెట్టా, పట్టాదారెవరు, అనుభవదారెవరు, ఏ పైరు వేశారు అని వరసగా గడులు. ఆ గడులన్నీ అయ్యాక చివర్న కైఫియత్తు అని ఒక గడి. ఉర్దూ మాట. సంగతి సందర్భం, వివరం అని అర్థం. మెకంజీ దొర మనవాళ్లచేత వూరూరా రాయించిన గ్రామచరిత్రల్నీ కైఫియత్తులనే అన్నారు. పహాణీలో అది ఒక చిన్న గడి. మిగతా గడుల్లో ఇమడని నిజమేదైనా వుంటే పట్వారీ అక్కడ పొట్టి చేతివ్రాతతో రాసేవాడు.

మా నాయనమ్మ పుట్టిల్లు మిర్యాలగూడ పక్క పల్లె. సూర్యాపేటకి కోడలిగా వచ్చేటప్పుడు పసుపు కుంకుమల కింద అన్నగారు ఆవిడకి రెండెకరాలిచ్చారు. దస్తావేజు లేదు, పట్టా మారలేదు. ఆడపిల్లకిచ్చిన దానికి కాగితమేమిటని ఆ రోజుల్లో మాట. అయినా 1954-55లో తెలంగాణ అంతటా ఖాస్రా పహాణీ రాసినప్పుడు, ఆ పట్వారీ ఎవరోగాని పుణ్యాత్ముడు, కైఫియత్తు గడిలో ఒక ముక్క రాశాడు. యేటా కౌలుధాన్యం వచ్చేది. వడ్లతో పాటు ఒక రవిక గుడ్డ.

1955 డిసెంబరులో నెహ్రూగారు నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టులో కాలువలకి నీళ్లొదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాల రూపే మారిపోయింది. జొన్న, ఆముదం పండిన చోట వరి. నేడు మిర్యాలగూడ రైసుమిల్లుల పొగగొట్టాలు చూసినవాళ్లకి అవి ఒకప్పుడు ఖుష్కి భూములంటే నమ్మశక్యం కాదు. నమ్మలేనిది మనమే కాదు, కాగితాలు కూడా! మడిలో మోకాలెత్తు వరి వూగుతుంటే కొన్ని పహాణీల్లో ఖుష్కి అనే రాస్తూ వచ్చారు. పొలం మారింది, పక్కన రాసిన మాట మారలేదు. మా పిల్ల భాషలో చెప్పాలంటే ముసలి కామెంటు.

నాయనమ్మకి జరిగింది దీనికి తలకిందులు. నీళ్లొచ్చి భూమి విలువ పెరిగిన రోజుల్లో, ఒక ఏడాది పాత పహాణీ చిరిగిపోతోందని కొత్త పుస్తకంలోకి ఎత్తి రాశారు. గడులన్నీ శుభ్రంగా ఎక్కాయి. కైఫియత్తు గడి మాత్రం ఖాళీగా వుండిపోయింది. అన్నగారు పోయాక కొడుకులు ఆ ఖాళీ గడి చూపించి, "అత్తా, కాగితంల నీ మాటే లేదు గదా" అన్నారు. ఎవరో కావాలనే మింగేశారని నాయనమ్మ చచ్చేదాకా నమ్మింది. మా నాన్న మాత్రం, "కావాలని కాదమ్మా, రాసీ రాసీ చెయ్యి గుంజి వుంటది, చివరి గడి గదా" అనేవారు. చెయ్యి నొప్పో, మనసు నొప్పో, రెండెకరాలు పోయాయి. రవిక గుడ్డ కూడా రాలేదు. ఆవిడ అన్నిటికన్నా ఎక్కువగా దాని గురించే ఏడ్చేది.

రాయి మీద చెక్కించుకోవాల్సిందమ్మా అని చిన్నప్పుడు నేను వేళాకోళం చేసేదాన్ని. ఎందుకంటే సూర్యాపేట దగ్గరే పిల్లలమర్రి వుంది. రేచర్ల రెడ్లు కట్టించిన గుళ్లు. కాకతీయుల కాలంలో క్రీ.శ. 1208లో రేచర్ల బేతిరెడ్డి భార్య ఎరకసానమ్మ అక్కడ ఎరకేశ్వరాలయం కట్టించింది. తన పేరుమీద దేవుణ్ణే నిలబెట్టింది, శాసనం వేయించింది. ఎనిమిది వందల యేళ్లు దాటినా ఆవిడ పేరు చెక్కుచెదరలేదు. అయితే రాతికీ ఒక కష్టముంది. దేవుడి మాన్యాలూ వాటి హద్దులూ చేతులు మారుతూంటే, శాసనం అప్పుడు చెప్పిన మాటే చెబుతూ నిలబడుతుంది. కాగితానిది మరీ మెత్తని గుణం. రాయిది మరీ మొండి గుణం.

మళ్లీ కంప్యూటరు దగ్గరికి వస్తాను. డిగ్రీ అయ్యాక అందర్లాగే నేనూ ఆరు నెలలు ఒక కంప్యూటరు కోర్సుకి డబ్బు కట్టాను. బేసిక్ అనే భాష నేర్పారు. అంతా మరిచిపోయాను గాని, మొదటి వరసలో రెం అని రాయమనేవారు, అదొక్కటి జ్ఞాపకం. రెం అంటే ఏమిటని అడిగితే మా సారు "అది రాయాలంతే" అనేవారు. ఇన్నేళ్లకి పిల్ల చెప్పింది, అది రిమార్క్ అన్న మాటకి పొట్టిపేరట! 1964లో డార్ట్‌మత్ కాలేజీలో కెమెనీ, కర్ట్జ్ అనే యిద్దరు పంతుళ్లు ఆ భాష తయారుచేస్తూ, మనుషుల కోసం రాసే వరసకి ఆ గుర్తు పెట్టారు. అంతకు ముందు 1957లో వచ్చిన ఫోర్‌ట్రాన్‌లో యింకా పొదుపు. యెనభై నిలువు వరసలున్న అట్టముక్కకి మొదటి వరసలో సి అనే అక్షరం రంధ్రాలుగా పొడిస్తే చాలు, యంత్రం ఆ అట్టని దాటేసేది. వ్యాపార లెక్కలకని 1959, 60ల్లో రూపుదిద్దుకున్న కోబాల్‌లోనయితే, ప్రోగ్రాము మొదట్లో రిమార్క్స్ పేరుతో ఏకంగా ఒక పేరానే కేటాయించారు. ఆ కోబాల్‌కి మూలమైన భాషని తయారుచేసింది ఒక ఆడమనిషి, అమెరికా నౌకాదళానికి చెందిన గ్రేస్ హాపర్. లెక్కలు తెలియనివాళ్లూ చదివితే అర్థం కావాలని పట్టుబట్టి మామూలు ఇంగ్లీషు మాటల్లో ఆజ్ఞలు రాయించింది ఆవిడే.

రిమార్కు అంటే కైఫియత్తే కదా! మన పట్వారీల పుస్తకంలో చివరి గడి ఎందుకు పెట్టారో, వాళ్లు వేల మైళ్ల అవతల యంత్రాల దగ్గర అందుకే పెట్టుకున్నారు. గడులు ఎన్ని గీసినా లోకంలో కొంత మిగిలిపోతుంది.

ఈ కామెంట్ల చరిత్రలో నాకు అన్నిటికంటే నచ్చిన కథ ఆస్ట్రేలియాది. బెల్ లాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ అనే యిద్దరు 1969 ప్రాంతంలో యూనిక్స్ అనే వ్యవస్థని మొదలుపెట్టారు. 1975లో దాని ఆరో కూర్పు వచ్చింది. అందులో ఒక జటిలమైన చోట, 'యిది మీకు అర్థం కానక్కర్లేదు' అన్న భావంతో ఒక కామెంటుంది. ఎంత పొగరు అనుకున్నారు చాలామంది. పొగరు కాదు, 'యీ ప్రశ్న పరీక్షలో రాదులెండి' అన్న ధోరణిలో అన్నామని తర్వాత రిచీ సంజాయిషీ చెప్పుకున్నాడు. నిజం చెప్పాలంటే అక్కడ జరుగుతున్నది మాకూ పూర్తిగా తెలియలేదని కూడా ఒప్పుకున్నాడు. పెద్దవాళ్లు అలా ఒప్పుకుంటే ఎంత బాగుంటుందో.

ఆ యూనిక్స్‌కి సిడ్నీలో జాన్ లయన్స్ అనే అధ్యాపకుడు 1976లో తన విద్యార్థుల కోసం వ్యాఖ్యానం రాశాడు. దాదాపు తొమ్మిది వేల పంక్తుల మూలం ఒక పుస్తకంగా, వరస వరసకీ వివరణ యింకో పుస్తకంగా. ఫైళ్లు ఎలా నడుస్తాయో అందులోనే వుంది. 1979లో వచ్చిన ఏడో కూర్పుతో కంపెనీవాళ్లు, యీ మూలాన్ని క్లాసులో పాఠంగా చెప్పకూడదని షరతు పెట్టారు. అంతే! మంచి నోట్సు క్లాసంతా ఎలా చేతులు మారుతుందో మనకి తెలియదూ? ఆ వ్యాఖ్యానం జిరాక్సుకి జిరాక్సు, దానికి మరో జిరాక్సు తీయించుకుని, అక్షరాలు మసకబారిన కాగితాలు దేశదేశాల కుర్రాళ్లు దాచుకుని చదివారు. చివరికి 1996లో గాని అది బాహాటంగా అచ్చుకాలేదు. తర్వాత రెండేళ్లకి, 1998లో, లయన్స్ పోయాడు.

ఇది వింటూంటే మన మల్లినాథసూరి గుర్తుకు రాకుండా వుంటాడా? మెదక్ జిల్లా కొల్చారం, ఆనాటి కోలాచలం, ఆయన ఇంటిపేరు. కాళిదాసు కావ్యాలకి వ్యాఖ్యానం రాస్తూ దానికి సంజీవని అని పేరు పెట్టుకున్నాడు. చెడ్డ వ్యాఖ్యానాల విషం తలకెక్కి కాళిదాసు వాక్కు మూర్ఛపోయి వుందిట, దాన్ని బతికించడానికి తన రచన. అంటే ఆయనా పాత కామెంట్లు సర్దినవాడే! ఒక నియమం కూడా పెట్టుకున్నాడు. మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని. మా పిల్లకి యీ సంగతి చెబితే కాసేపు మాట్లాడకుండా వుండి, "మా టీమ్‌ల గోడకు రాసిపెట్టాలె చిన్నమ్మా" అంది.

రాసిపెట్టినంత మాత్రాన పని తేలిక కాదుట. జావా పుట్టిన దగ్గర్నుంచీ అందులో ఒక సౌకర్యముంది. ఒక పద్ధతిలో రాసిన కామెంట్లన్నిటినీ ఏరి, కూర్చి, చదువుకునే పుస్తకంలా తయారుచేసే సాధనం. దేశమంతా ఆ పుస్తకం చూసే పని నేర్చుకుంటుంది. 2014లో వచ్చిన ఎనిమిదో కూర్పులో, ఆ కామెంట్లలో తప్పులు పట్టే పరీక్ష కూడా పెట్టారు. తెరిచిన గుర్తు మూయలేదా, మూలంలో లేని పేరేదైనా రాశారా, అలాంటివి అది చెబుతుంది. కాని అంతవరకే. ముగ్గులో చుక్కలు సరిపోయాయో లేదో యంత్రం లెక్కపెట్టగలదు. ఆ ముగ్గు ఎవరి వాకిట్లో వేశారో దానికేం తెలుసు?

"ఒకసారి ఒక మాట తీసెయ్యబోయిన" అంది పిల్ల గొంతు తగ్గించి. ఒకదానిలో ఒకటిగా ఫోల్డర్లు చేసిపెట్టే ఆజ్ఞ వుంది. వరసగా మూడు గదులు కట్టమన్నామనుకోండి. రెండు కట్టాక మూడోది కుదరలేదు. జవాబు 'కాలేదు' అనే వస్తుంది. కాని కట్టిన రెండు గదులూ అక్కడే మిగిలిపోవచ్చు. కామెంటు చివర ఆ సంగతి ఒక వాక్యంలో వుంది. ఎవరికి కావాలిలే, కాలేదంటే కాలేదనే కదా అని దీనికి తోచింది. పొట్టిగా చేస్తే చూడ్డానికి బాగుంటుందని చెరపబోయి, ఎందుకో చెయ్యి ఆగి, కింద మూలంలోకి దిగి చదివితే నిజంగానే అలా జరుగుతుందని తేలింది. ఆ వాక్యాన్ని వున్నదున్నట్టు వుంచేసి, పక్కన రెండుసార్లు పడ్డ మాటొకటి దిద్ది పంపించిందట.

"మూలం చదవకుండ కామెంటు ముట్టొద్దని ఆ రోజు తెలిసింది."

నేను పలకలేదు. సకినం పిండి చేతి మీద ఎండి గట్టిపడుతోంది. 2017 సెప్టెంబరులో మన తెలంగాణలో భూరికార్డుల ప్రక్షాళన మొదలైంది. ప్రక్షాళన అంటే కడగడం. అవసరమే, కాదనను. చచ్చిపోయినవాళ్ల పేర్లు, అమ్మేసినవాళ్ల పేర్లు పేరుకుపోయి వున్నాయి. 2020 అక్టోబరులో ధరణి వచ్చింది, 2025లో దాని స్థానంలో భూభారతి. ధరణి పద్ధతిలో అనుభవదారు గడి లేకుండాపోయింది. గడులు తక్కువైతే తగాదాలు తక్కువన్నారు కొందరు. ఆ గడిలో తప్ప మాకెక్కడా పేరు లేదన్నారు కౌలుకి దున్నుకునేవాళ్లు. గిన్నెలు కడిగి నీళ్లు పారబోశాక వేలికి వుంగరం లేదని చూసుకున్న ఆడదానికి ఆ వాదన ఇట్టే అర్థమవుతుంది.

మా అక్క సకినాలు వదిలేసి లోపలికి వెళ్లింది. నాన్న పోయాక తెచ్చుకున్న ట్రంకుపెట్టెలోంచి ఒక కవరు పట్టుకొచ్చింది. నాయనమ్మ ఎప్పుడో తీయించుకున్న పాత పహాణీ నకలు. అంతా ఉర్దూ. మా ఇద్దరికీ అక్షరం రాదు. మర్నాడు నేను సూర్యాపేట తిరిగొస్తూ పిల్లనీ వెంటపెట్టుకొచ్చి, మా వీధి చివర వుండే రిటైరైన టీచరుగారికి చూపించాను. ఉర్దూ మీడియంలో చదివిన పెద్దమనిషి. కళ్లద్దాలు పైకి కిందికి జరుపుకుంటూ ఒక్కో గడి చదివారు. ఖుష్కి. పట్టాదారు పేరు, మా నాయనమ్మ అన్నగారిది. కైఫియత్తు గడి దగ్గరికి వచ్చి ఆగారు.

"'దో ఎకర్, హంషీరా' అని వుందమ్మా. అంటే రెండెకరాలు అక్కదో చెల్లెలిదో అని."

"పేరు?"

"పేరు రాయలేదు."

పాపం ఆ పుణ్యాత్ముడికి గడిలో అంతకంటే చోటు లేదేమో.

పిల్ల ఆ కాగితాన్ని ఫోనుతో నాలుగు ఫోటోలు తీసింది. "ఫైలుకి ఏం పేరు పెట్టాలె చిన్నమ్మా?" అంది. నాయనమ్మ పేరు చెప్పాను. అక్షరాలు కూడబలుక్కుంటూ కొట్టి, మళ్లీ తలెత్తింది.

"ఇంటిపేరు ఏది రాయను, పుట్టింటిదా, అత్తింటిదా?"

టీచరుగారూ నేనూ మొహమొహాలు చూసుకున్నాం. ఆయన భార్య టీ తెచ్చేవరకూ ఆ సంగతి తేలలేదు.